జానెట్ కేని వినాలంటే మంద్రం నుంచి మొదలుపెట్టండి

జానెట్ కే పేరెత్తితే అందరూ ఒకే పాట, అందులోనూ ఒకే స్వరం గురించి మాట్లాడతారు. 1979లో వచ్చిన ‘సిల్లీ గేమ్స్’, దాని పల్లవిలో గొంతు ఉన్నట్టుండి పైకెగిరి నిలబడే ఆ తారస్థాయి. ఫోన్‌లో ఆ ముక్క ఒక్కటి విని, బాగుందనుకుని, తర్వాతి పాటకు వెళ్ళిపోయేవాళ్ళు చాలామంది. నా పేచీ దానితోనే. ఆ స్వరం కింద ఏముందో వినకపోతే మీరు విన్నది పాటలో పదోవంతు కూడా కాదు. జమైకాలో పుట్టిన రెగే సంగీతాన్ని బ్రిటన్‌లో పాడిన ఈ గాయనిని కింద నుంచి పైకి వినాలి. ముందు బేస్, తర్వాత డ్రమ్స్, ఆ తర్వాత గిటారు, ఆర్గన్, చిట్టచివర గొంతు. ఆవిడ జీవితాన్నీ అదే వరసలో తెలుసుకోవాలి. అది ఎలాగో, నాకు తెలిసినంతవరకు, విడమరిచి చెబుతాను.

నేను వాయవ్య లండన్‌లో విల్స్‌డెన్ దగ్గర ఉంటాను. చిన్నప్పటి నుంచి కర్ణాటక సంగీతం నేర్చుకున్నదాన్ని, ఇప్పుడు ఇక్కడ పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. జానెట్ కే 1958లో పుట్టింది ఈ విల్స్‌డెన్‌లోనే. ఆ తరంలో జమైకా, బార్బడోస్ లాంటి దీవుల నుంచి వచ్చిన కుటుంబాలు ఈ చుట్టుపక్కల చాలా ఉండేవి. బస్సులు, రైళ్ళు, ఆసుపత్రులు నడిచింది వాళ్ళ కష్టం మీదే. 1968లో మొదలైన రెగే రికార్డుల కంపెనీ ట్రోజన్ రికార్డ్స్ కూడా ఈ ప్రాంతంలోనే ఉండేది. అంటే ఈ గొంతు రెగే వినడానికి ఎక్కడికో వెళ్ళనక్కర్లేదు. వీధి చివరే వినిపించేది. ఇది గుర్తుపెట్టుకోండి, ముందుముందు అవసరపడుతుంది.

మొదటి పని, ఫోన్ స్పీకర్ పక్కన పెట్టేయడం. బేస్ గిటారులో అన్నిటికంటే లావు తీగను వదిలి మీటితే సుమారు 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. ఫోన్ స్పీకర్ అంత కిందికి దిగలేదు. మీకు వినిపించేది ఆ స్వరం కాదు, దాని నీడ. చెవుల్ని పూర్తిగా కప్పే హెడ్‌ఫోన్లు ఉంటే చాలు. ఓ మోస్తరు పెద్ద స్పీకర్లు ఉంటే ఇంకా మేలు. స్పీకర్లను గోడకు కాస్త దగ్గరగా జరపండి, బేస్ నిండుగా వస్తుంది. మూలకు మాత్రం తొయ్యకండి, మోత ఎక్కువై స్వరాలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. టోన్ కంట్రోల్స్ ఉంటే ట్రెబుల్ కొంచెం తగ్గించండి. శబ్దం పెంచడం కన్నా ఇది ముఖ్యం.

ఎందుకింత హడావిడి అంటే, ఈ పాటలు తయారైందే సౌండ్ సిస్టమ్స్ కోసం. సౌండ్ సిస్టమ్ అంటే ఒక యంత్రం కాదు, ఒక బృందం. మనిషి ఎత్తు స్పీకర్ పెట్టెలు వాళ్ళే కోసి, మేకులు కొట్టి, పద్దెనిమిది అంగుళాల స్పీకర్లు బిగించి, వాల్వ్ ఆంప్లిఫయర్లు జోడించి, వ్యానులో వేసుకుని ఊరంతా తిరిగేవాళ్ళు. నైట్‌క్లబ్బుల గుమ్మం దగ్గర నల్లవాళ్ళను వెనక్కి పంపేస్తున్న రోజులవి. అందుకే ఇళ్ళలో, బేస్‌మెంట్లలో బ్లూస్ పార్టీలు పెట్టుకున్నారు. గుమ్మం దగ్గర కొద్దిపాటి రుసుము, వంటింట్లో మేకమాంసం కూర, బీరు, ముందుగదిలో సామానంతా తీసేసి స్పీకర్లు. ఆ గదిలో ఎలా వినిపించాలో ఆలోచించే స్టూడియోలో మిక్స్ చేసేవాళ్ళు.

మా పక్కింటి పెద్దావిడ ఆ పార్టీలకు వెళ్ళిన తరమే. తల్లిదండ్రులు జమైకా నుంచి వచ్చారు, ఆవిడ ఇక్కడే పెరిగింది. ఒకరోజు మా ఇంట్లో ఈ పాట పెడితే, ఆవిడ కుర్చీలో కూర్చోకుండా నేరుగా స్పీకర్ దగ్గరికి వెళ్ళి, పెట్టె పక్క చెక్క మీద అరచెయ్యి ఆనించింది. వేళ్ళు విడదీసి, బొటనవేలు మూల మీద. నన్నూ అలాగే పెట్టమంది. గొంతు మొదలయ్యే దాకా మాట్లాడనివ్వలేదు. చెక్క అదురుతున్నప్పుడు బేస్ ఎక్కడ ఆగుతోందో చెయ్యికి తెలుస్తుంది. చెవి అంత కచ్చితంగా పట్టుకోలేదు. మీరూ చేసి చూడండి. హెడ్‌ఫోన్లయితే ఇది కుదరదు, అప్పుడు బేస్ గీతను నోటితో ‘డుం డుం’ అని పాడుకుంటూ వినండి.

ఏ రికార్డింగ్ వినాలన్నది రెండో సంగతి. వెతికితే చాలా రకాలు కనిపిస్తాయి. 1979 నాటిదే కావాలి. 1990లో ఆవిడ మళ్ళీ పాడింది కూడా ఉంది, అది తర్వాత వినండి. 1979 వాటిలో కూడా పన్నెండు అంగుళాల పళ్ళేనికి చేసిన పొడుగు రూపం దొరికితే అదే తీసుకోండి. పన్నెండు అంగుళాల రికార్డులో గాడి వెడల్పుగా కోయడానికి చోటుంటుంది, అందువల్ల బేస్ లోతుగా ఎక్కుతుంది. పైగా పాట అయిపోయాక డబ్ భాగం వస్తుంది: గొంతును దాదాపు తీసేసి, డ్రమ్స్, బేస్ మిగిల్చి, అక్కడక్కడా ఒక మాటనో గిటారు దెబ్బనో ప్రతిధ్వనిలోకి విసిరేస్తారు. కొత్తగా వినేవాళ్ళు ఆ భాగం రాగానే పాట అయిపోయిందని ఆపేస్తారు. ఆపకండి. నన్నడిగితే మొట్టమొదట ఆ డబ్ భాగమే వినమంటాను. గొంతు లేని చోటే కట్టడం బయటపడుతుంది.

ఇప్పుడు తాళం పట్టండి. నాలుగు లెక్క. మామూలు రెగేలో ‘వన్ డ్రాప్’ అనే నడక ఉంటుంది: ఒకటో దెబ్బ ఖాళీ, మూడో దెబ్బ మీద పెద్ద డ్రమ్, స్నేర్ అనే చిన్న డ్రమ్ అంచు కలిసి పడతాయి. సమం మీద, అంటే మొదటి దెబ్బ మీద, బరువు ఉండాలని అలవాటుపడిన మన చెవికి ఇది మొదట్లో మింగుడుపడదు. నా శిష్యులు మూడో దెబ్బనే సమమనుకుని లెక్క తిప్పేసుకుంటారు. తప్పుతున్నారనిపిస్తే చప్పట్లు ఆపి, నడవండి. అడుగు ఖాళీలో వెయ్యాలి, ఒళ్ళు మూడు మీద కిందికి దిగాలి. ఒకటి రెండు నిమిషాల్లో పట్టుబడుతుంది. గిటారు రెండు, నాలుగు మీద టక్ టక్‌మని తుంచినట్టు పడుతుంది. దాని సందుల్లో ఆర్గన్ బుడబుడలాడుతూ ఉంటుంది.

ఆ లెక్క కుదిరాక ‘సిల్లీ గేమ్స్’ డ్రమ్స్‌కు రండి. ఇక్కడ హైహ్యాట్ అనే జంట రేకులు చేసే పని వేరు. మామూలు వన్ డ్రాప్‌లో ఉండే నిదానం లేదు. తాళపు రేకులు విచ్చుకుంటూ మూసుకుంటూ, లోపల ఏదో తొందర ఉన్నట్టు నడుస్తాయి. పాట రాసి, నిర్మించిన డెనిస్ బోవెల్ ఇంతవరకూ ఎవరూ వాయించని నడక కావాలని కూర్చున్నాడు. దాన్ని వాయించింది బ్రిటిష్ రెగే బృందం అస్వాద్ డ్రమ్మర్ డ్రమ్మీ జెబ్. పాటలో అమ్మాయి మనసు విప్పి చెప్పలేని స్థితిలో ఉంటుంది. ఆ ఊగిసలాట మాటల్లో కన్నా ముందు ఆ రేకుల్లో వినిపిస్తుంది. ఒక్క హైహ్యాట్ మీదే దృష్టి పెట్టి పాట మొత్తం ఒకసారి వినండి. ఇది తప్పకుండా చెయ్యాల్సిన పని.

ఇప్పుడు గొంతు. జానెట్ కే గొంతు పెద్దది కాదు. అమెరికన్ సోల్ గాయనుల్లా గుండె బలంతో విరుచుకుపడదు. మైకుకు దగ్గరగా, మాట్లాడుతున్నంత నెమ్మదిగా, ఊపిరి కొంచెం కలిసి వస్తుంది. గమకాలు దాదాపు లేవు. స్వరం చివర చిన్న వణుకు, అంతే. కింద అంత బరువైన బేస్ ఉండగా గొంతు కూడా బరువైతే రెండూ కొట్టుకుంటాయి. గొంతు పలచగా ఉండటం వల్లే బేస్‌కు చోటు దొరికింది, బేస్ కింద ఉండటం వల్లే ఆ పలచటి గొంతు ఆ గదిలో నిలబడగలిగింది. లవర్స్ రాక్ అని పేరొచ్చిన ఈ పద్ధతికి ఇదే ప్రాణం. బయట సోల్, ఇంట్లో అమ్మానాన్నల రెగే, రెండూ వింటూ పెరిగిన లండన్ అమ్మాయిలే దీన్ని పాడగలిగారు.

ఆ పై స్వరం సంగతికొస్తే, బోవెల్ దాన్ని కావాలనే పెట్టాడు. గాయని గొంతుకు గాజుగ్లాసు పగిలిపోయే క్యాసెట్ ప్రకటన ఒకటి అప్పట్లో టీవీలో వచ్చేది, అందులో పాడింది ఎల్లా ఫిట్జ్‌జెరాల్డ్. డాన్సు గదిలో ఉన్న ప్రతి అమ్మాయీ అందుకోవాలని ప్రయత్నించే స్వరం ఒకటి ఉండాలన్నది బోవెల్ ఆలోచన. అనుకున్నట్టే అయింది. నలభై ఏళ్ళు దాటినా ఈ పాట మోగితే గదిలో అందరూ ఆ చోటు కోసం కాచుకుని ఉంటారు.

మీరూ పాడాలనుకుంటే ఇలా చెయ్యండి. ముందు శ్రుతి దించుకోండి. ఆవిడ శ్రుతిలోనే పాడాలన్న నియమమేమీ లేదు. పై స్వరం మీ గొంతుకు బాధ లేకుండా అందే చోట షడ్జమం పెట్టుకోండి. మాటలు వదిలేసి ‘ఊ’ అని, చిన్నగా, కింది స్వరం నుంచి పై దాకా జారు పట్టండి. పైకి వెళ్ళే కొద్దీ శబ్దం తగ్గించాలి, పెంచకూడదు. కర్ణాటక సంగీతం నేర్చుకున్నవాళ్ళం సాధారణంగా ఇక్కడే పొరబడతాం: తారస్థాయి అనగానే నిండు గొంతుతో, ఛాతీ బలంతో నెట్టుకెళ్తాం. ఇక్కడ అది పనికిరాదు. స్వరం దవడ దగ్గర బిగుసుకుంటే నోరు వదులు చేసి, నాలుక కొసను కింది పళ్ళకు ఆనించి మళ్ళీ మొదలుపెట్టండి. గొంతు మారే చోట, అంటే నిండు గొంతు వదిలి సన్నని గొంతులోకి వెళ్ళే చోట, చిన్న విరుపు వస్తుంది. దాన్ని దాచాలని చూడకండి. జానెట్ కే కూడా దాన్ని కప్పిపుచ్చదు, అందంగా దాటుతుంది. జారు కుదిరాక మాటలు పెట్టండి. గొంతులో గరగర వచ్చినా, నొప్పి వచ్చినా వెంటనే ఆపి నీళ్ళు తాగి, ఆ రోజుకు వదిలేయండి.

పాట చేతికొచ్చింది కాబట్టి జీవితంలోకి వెళ్దాం. ఇక్కడా కింద నుంచే. గాయని కన్నా ముందు ఆ బేస్ వేసిన మనిషిని తెలుసుకోండి. డెనిస్ బోవెల్ 1953లో బార్బడోస్‌లో పుట్టి, పన్నెండేళ్ళ వయసులో లండన్ వచ్చాడు. మటుంబి అనే బృందం పెట్టాడు, సఫరర్ అనే సౌండ్ సిస్టమ్ నడిపాడు. 1974లో క్రికిల్‌వుడ్‌లో కారిబ్ క్లబ్బులో ఆయన సౌండ్ సిస్టమ్ మోగుతుండగా పోలీసులు దాడి చేశారు. గొడవకు ఆయన్నే బాధ్యుడిగా చూపి, మూడేళ్ళ శిక్ష వేశారు. ఆరు నెలలు జైల్లో గడిపాక అప్పీలులో విడుదలయ్యాడు. అంత సున్నితమైన ప్రేమపాట రాసిన చెయ్యి దీన్ని దాటి వచ్చింది.

ఆ తర్వాత 1975. లూయిసా మార్క్ అనే అమ్మాయి, ఇంకా బడికి వెళ్ళే వయసు, ‘కాట్ యూ ఇన్ ఎ లై’ పాడింది. సౌండ్ సిస్టమ్ యజమాని లాయిడ్ కాక్సన్ నిర్మాత, వాయించింది మటుంబి బృందం. లండన్ అమ్మాయి లండన్ వాద్యకారులతో చేసిన రెగే ప్రేమపాటకు ఇది ఆరంభమని చాలామంది ఒప్పుకుంటారు. 1977 నాటికి దక్షిణ లండన్‌లోని బ్రాక్లీలో డెనిస్ హారిస్ తన స్టూడియో నుంచి లవర్స్ రాక్ అనే లేబుల్, అంటే రికార్డు కంపెనీ, మొదలుపెట్టాడు. బోవెల్, గిటారిస్టు జాన్ క్పియాయే అక్కడ పనిచేశారు. ఆ లేబుల్ పేరే మొత్తం పద్ధతికి పేరైపోయింది. లూయిసా మార్క్ పాట, ఆ లేబుల్ రికార్డులు వినకుండా జానెట్ కే దగ్గరికి వస్తే ఆవిడ ఆకాశం నుంచి ఊడిపడినట్టు అనిపిస్తుంది.

అదే 1977లో జానెట్ కే మొదటి రికార్డు వచ్చింది. స్టూడియోలో సాధన చేస్తున్న బృందంతో సరదాగా గొంతు కలిపితే విన్నవాళ్ళకు నచ్చి, మాట జమైకా గాయకుడు ఆల్టన్ ఎల్లిస్ దాకా వెళ్ళింది. ఆయన అప్పటికి లండన్‌లోనే ఉంటున్నాడు. ఆయన నిర్మాణంలో ‘లవింగ్ యూ’ పాడింది. మినీ రిపర్టన్ పాటకు రెగే రూపం. మాతృకే గాలిలో తేలే అతి తారస్వరాలకు పేరుమోసిన పాట. బ్రిటన్ రెగే అమ్మకాల పట్టికల్లో అది మొదటి స్థానానికి వెళ్ళింది. ఇది విని వెంటనే ‘సిల్లీ గేమ్స్’ వినండి. ఆ పై స్వరం అదృష్టవశాత్తు తగిలింది కాదనీ, రెండేళ్ళ ముందే ఆ గొంతులో సిద్ధంగా ఉందనీ మీకే తెలుస్తుంది.

1979 వేసవిలో ‘సిల్లీ గేమ్స్’ బ్రిటన్ జాతీయ పట్టికలో రెండో స్థానానికి చేరింది. ఈ అంకెను చదివేటప్పుడు రెండు సంగతులు చూడండి. ఒకటి, రెగే రికార్డులు ఎక్కువగా అమ్ముడయ్యే చిన్న దుకాణాలు చాలావరకు పట్టిక లెక్కల్లో చేరేవి కావు. లూయిసా మార్క్ పాట ప్రతి పార్టీలో మోగినా జాతీయ పట్టికలో కనిపించకపోవడానికి ఇదొక కారణం. కాబట్టి లవర్స్ రాక్ గాయనుల గొప్పతనాన్ని పట్టికలతో కొలవకండి, సగం మంది కనిపించరు. రెండు, అంతకుముందు రెగేతో ఈ దరిదాపులకు వెళ్ళిన ఆడగొంతులు ఎవరివి? 1964లో మిల్లీ స్మాల్, 1975లో సూసన్ కాడొగన్, 1978లో ఆల్థియా అండ్ డోనా. అందరూ జమైకాలో పుట్టినవాళ్ళు. జానెట్ కే పుట్టింది విల్స్‌డెన్‌లో. ఇంగ్లండు గడ్డ మీద పుట్టిన నల్లమ్మాయి రెగే పాడుతూ జాతీయ టెలివిజన్‌లో నిలబడింది. ఆ సంగతి మా పక్కింటావిడ చెప్పేటప్పుడు ఇప్పటికీ వీపు నిటారుగా పెట్టుకుని చెబుతుంది.

ఇవి ప్రేమపాటలే కదా, తేలికవి, అని అప్పట్లోనే కొందరు తీసిపారేశారు. ఆ మాట నమ్మకండి. అదే 1979లో బోవెల్ కవి లింటన్ క్వెసి జాన్సన్‌తో పోలీసుల దౌర్జన్యం మీద పాటలు చేస్తున్నాడు. మనుషులూ వాళ్ళే, వాద్యాలూ అవే. బయట వీధిలో అనుమానం మీద ఆపి సోదా చేసే రోజుల్లో, లోపల గదిలో ఒకరినొకరు పట్టుకుని నెమ్మదిగా ఊగడానికి ఒక పాట ఉండటం చిన్న విషయం కాదు. 1981 జనవరిలో దక్షిణ లండన్‌లోని న్యూ క్రాస్‌లో ఒక పుట్టినరోజు పార్టీ జరుగుతున్న ఇల్లు తగలబడి పదముగ్గురు పిల్లలు, యువతీయువకులు చనిపోయారు. ఇలాంటి పాటలు మోగే పార్టీలే అవి. ఆ చరిత్ర తెలిశాక ‘సిల్లీ గేమ్స్’లోని మృదుత్వం నాకు వేరేగా వినిపిస్తుంది.

పెద్ద విజయం తర్వాత ఆవిడ ఏమైందని అడుగుతారు. ఎక్కడికీ పోలేదు, నటనలోకి వెళ్ళింది. బ్లాక్ థియేటర్ కోఆపరేటివ్ అనే నాటక బృందంతో కలిసి పనిచేసి, 1983 నుంచి 1985 దాకా చానల్ 4లో వచ్చిన ‘నో ప్రాబ్లమ్!’ అనే హాస్య ధారావాహికలో ఏంజెల్ పాత్ర వేసింది. దాన్ని రాసింది ముస్తఫా మటురా, మన దేశంలో పుట్టిన ఫర్రుఖ్ ధోండీ. కథ జరిగేది కూడా విల్స్‌డెన్‌లోనే. దొరికితే చూడండి, పాటలో మాట్లాడినట్టు పాడే ఆ గొంతు, మాట్లాడేటప్పుడు ఎలా ఉంటుందో తెలుస్తుంది. తర్వాత జపాన్‌లో ఆవిడకు పెద్ద అభిమాన వర్గం ఏర్పడి, అక్కడ ఆల్బమ్‌లు వచ్చాయి. 2020లో స్టీవ్ మెక్వీన్ బీబీసీ కోసం తీసిన ‘లవర్స్ రాక్’ చిత్రంలో, పాట ఆగిపోయినా పార్టీలోని వాళ్ళంతా ‘సిల్లీ గేమ్స్’ను వాద్యాలు లేకుండా పాడుతూనే ఉంటారు. ఆ గుంపులో డెనిస్ బోవెల్ కూడా ఉన్నాడు. అయితే ఈ చిత్రం ముందు చూడొద్దు. రికార్డు బాగా ఒంటపట్టాక చూడండి. బేస్ లేకుండా వాళ్ళు పాడుతున్నప్పుడు, ఆ బేస్ మీ లోపల మోగాలి. మోగితే మీరు వినడం నేర్చుకున్నట్టే.

అక్కడి నుంచి కారల్ థాంప్సన్ 1981 నాటి ‘హోప్‌లెస్లీ ఇన్ లవ్’ ఆల్బమ్‌కు వెళ్ళండి; ఒక్క పాట కాదు, ఆల్బమ్ మొత్తం. ఆ తర్వాత బ్రౌన్ షుగర్ అనే ముగ్గురమ్మాయిల బృందం. వాళ్ళలో ఒకరైన కారన్ వీలర్ 1989లో సోల్ టు సోల్‌తో పాడిన పాట బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరింది. ఆ పాట వింటున్నప్పుడు కూడా ముందు బేస్‌తోనే మొదలుపెట్టండి, గొంతు తర్వాత.